బారు లేని కుళాయి

తెల్లవారుజామున మా పేట కుళాయి మూగగా ఉండటమే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. పాముకి భయపడను, గాలివానకి భయపడను. తొంభై ఆరు తుఫానుకి పదకొండు రోజులు కుళాయి రాలేదు. గోతిలో ఊరిన నీళ్లే కాచి తాగాం, పిల్లలకీ అవే పట్టాం. పన్నెండో రోజున కుళాయి వచ్చింది గానీ, అప్పటికి మా పెద్దపిల్ల లేదు. అందుకే ఈనాటికీ నాలుగు దాటగానే లేచి, చంటిదాన్ని ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చుంటాను. ముందు గొట్టంలో గాలి బుస్సుమంటుంది. తర్వాత రెండు దగ్గులు. ఆ తర్వాత నీళ్లు. ఆ బుస్సుమనే చప్పుడు వెనకాల ఒక మనిషి ఉంటాడని చాలా ఏళ్లు నాకు తట్టనే లేదు.

ఆ మనిషి పోలిరాజు గారు. పంచాయతీ వాటర్ ట్యాంకు ఆయన చేతిలో ఉండేది. ఇక్కడ రాసేదాంట్లో కొంత నేను చూసింది, కొంత వాళ్లావిడ కనకమ్మ గారు చెప్పగా విన్నది.

రెండువేల సంవత్సరం ఏప్రిల్లో, ఎండాకాలానికి కాలవల్లో నీళ్లు కట్టేసిన రెండో వారం, మంగళవారం నాడు ఆయన మూడున్నరకే ట్యాంకు కింద వాల్వుల గోతిలోకి దిగారు. నాలుగు పక్కలా సిమెంటు కట్టిన నడుములోతు గుంట అది. దిగేముందు లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి, కొబ్బరిమట్టతో గోతి అంచులు నాలుగుసార్లు తట్టి, లోపల ఏదైనా పురుగూ పుట్రా ఉంటే కదలడానికి వ్యవధి ఇచ్చారు. అప్పుడు దిగారు. యాభై ఎనిమిదేళ్ల బక్కపలచని మనిషి. మెడ కొంచెం ముందుకి వంగి ఉంటుంది. ముంజేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనట్టు దుక్కల్లా ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా మూరెడు పొడుగు ఇనప తాళంచెవితో వాల్వులు తిప్పిన చేతులవి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మందంగా కాయకట్టి, అన్నం కలిపినప్పుడు కూడా అక్కడ మెతుకు అంటుకున్నా తెలియదని కనకమ్మ గారు అంటుండేవారు.

గోతిలో మూడు వాల్వులు. ఒకటి బజారుకి, ఒకటి కాలవగట్టుకి, ఒకటి మా పేటకి. కాగితం మీద వరస కూడా ఇదే. ముందు బజారు, తర్వాత కాలవగట్టు, ఆఖర్న పేట. ఆ కాగితం పంచాయతీ ఆఫీసు గోడకి అంటించి ఉండేది. పోలిరాజు గారికి చదువు వచ్చు. అయినా ఇరవై రెండేళ్లలో ఒక్కరోజు కూడా ఆ వరస పాటించలేదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే నీళ్లకి తోపు ఉంటుంది. మైలున్నర దూరంలో ఉన్న పేట దాకా ఆ తోపులోనే నీళ్లు వెళ్లాలి. సగం ఖాళీ అయ్యాక వదిలితే దారిలోనే చతికిలపడతాయి. బజారు ఇసకమెరక మీద ఉంది. అక్కడ ఏ పెరట్లో నుయ్యి చూసినా నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయి. పేట పల్లంలో ఉంది. గునపం దింపితే ఉప్పు. అందుకని నిండు ట్యాంకు పేటకి, మిగిలింది మిగతావాళ్లకి. ఇది ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరింట్లో పురుడు వచ్చిందో, ఎవరింట్లో శవం లేవాలో తెలుసుకుని ఆ వైపు మరో పావుగంట ఎక్కువ వదిలేవారు. ఫలానా వాళ్ల కోసమని నోరు తెరిచి అనేవారు కాదు.

మామూలుగా అయితే నాలుగున్నరకి వదలాలి. ఆ రోజు గంట ముందే దిగడానికి కారణం, అంతకుముందు సాయంత్రం ప్రెసిడెంటు బంగారరాజు గారు చెప్పిన మాట.

"హైదరాబాదు నించి ఎకనామిక్సు చదువుకున్నాయన వస్తన్నాడు పోలిరాజూ. కొత్త స్కీములో ఇంటింటికీ కుళాయిలంట. ఈదికుళాయిల్లో ఏయి ఉంచాలో, ఏయి పీకెయ్యాలో ఆయన చూసి రాసేదే రాత. రోడ్లన్నీ సుబ్బరంగా ఉండాలి. ఊరికి నామర్దా తేకు."

ఆ మాట పోలిరాజు గారు మనసులో పెట్టుకున్నారు. తనకి చేతనైనంత బాగా చెయ్యాలనుకున్నారు. పేట వాల్వు పద్నాలుగు చుట్లు తిప్పి, గొట్టం మీద చెయ్యి ఆనించి నీళ్లు పరిగెత్తడం తెలిశాక, గోతిలోంచి పైకొచ్చి, సైకిలెక్కి ఆ నీళ్ల వెనకాలే మా పేటకి వచ్చారు. రోజూ అంతే. వదిలి ఊరుకోరు, చివరిదాకా వచ్చాయో లేదో చూసుకుంటారు.

మా అత్తగారు కృపమ్మ అప్పటికే కుళాయి దగ్గరుంది.

"ఏటండోయ్ పోలిరాజు గారూ! కోడింకా కుయ్యలేదు, కుళాయి ఇప్పేసేరు. మా పేటకి పెళ్లిచూపులోళ్లేవన్నా వస్తన్నారేటండీ?"

"అలాంటిదేనమ్మా. పెద్దాయనొస్తన్నారు. ఏడింటికల్లా రోడ్డు మీద ఒక్క బిందె కనపడకూడదు. చూసి, అబ్బ, ఎంత పద్ధతైన పేటండీ అనుకోవాలి."

"అయితే పెళ్లికూతురు తవరేనన్నమాట. మొకం కడుక్కున్నారా?"

"నాకేటమ్మా, కుళాయి కడగండి చాలు."

అందరం నవ్వుకున్నాం. ఐదున్నరకల్లా పేటలో ఉన్న ప్రతి బిందే, ప్రతి గాబూ నిండిపోయాయి. పోలిరాజు గారు బ్లీచింగు పొడి చల్లారు. కుళాయి దిమ్మని కొబ్బరిపీచుతో తోమి కడిగింది నేనే. పచ్చటి పాకుడంతా పోయి సిమెంటు తెల్లగా తేలింది. ఎవరో చీపురు తెచ్చి చుట్టూ ఊడ్చారు. ఆరింటికి మా కుళాయి దగ్గర మనిషి లేడు, బిందె లేదు. పోలిరాజు గారు కాసేపు సైకిలు పట్టుకుని నిలబడి దాన్ని చూసుకుని వెళ్లారు.

జీపు ఏడు దాటాక వచ్చింది. సుధీర్ సారు ముప్పై ఏళ్లు నిండని మనిషి. చొక్కా చేతులు మోచేతిదాకా మడతపెట్టుకుని, అట్టకి బిగించిన కాగితాలు పట్టుకుని, మెత్తగా మాట్లాడేవాడు. పోలిరాజు గార్ని మీరు అన్నాడు. అది పోలిరాజు గారికి అలవాటు లేక, ఆ మాట విన్నప్పుడల్లా పక్కన ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూసుకున్నారట.

ముందు బజారు కుళాయి. అక్కడ బిందెలు వంకర టింకరగా మలుపు దాకా ఉన్నాయి. ఆ రోజు పేటకి ఎక్కువసేపు వదిలారు కదా, బజారుకి ఆలస్యమైంది. కాఫీ హోటలు వాళ్లవి నాలుగు, టైలరు షాపు వాళ్లది ఒకటి, బంగారరాజు గారి పశువుల పాకకి రెండు. మనుషులు చాలామంది లేరు, ఎవరి పని మీద వాళ్లు పోయారు. మా వైపు బిందె పెడితే మనిషి నిలబడ్డట్టే లెక్క. సారు పెన్సిలు మొన గాలిలో ఆడిస్తూ లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు.

"ఇక్కడింకా తీయించలేదండీ, మన్నించాలి," అన్నారు పోలిరాజు గారు సిగ్గుపడుతూ.

"ఏం పర్లేదండీ," అన్నాడు సారు, రాసుకుంటూ.

తర్వాత మా పేట. జీపు ఆగింది. సారు దిగి కుళాయి చుట్టూ ఒకసారి తిరిగాడు. తడి ఆరిపోయిన తెల్లటి దిమ్మ మీద కోడిపెట్ట నిలబడి ఉంది, అంతే. మా అత్తగారు ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి తెచ్చి వేసింది. బొండం కొట్టించి ఇచ్చింది.

"ఎప్పుడూ ఇలాగే ఖాళీగా ఉంటుందా అమ్మా?"

"ఆయ్. ఎప్పుడూ ఇంత సుబ్బరంగానే ఉంచుకుంటామండీ."

"నీళ్లకి ఇబ్బంది ఏమీ లేదా?"

"మా పోలిరాజు గారుండగా ఇబ్బందేటండీ బాబూ! అడక్కండానే ఇప్పుతారు."

పోలిరాజు గారు జీపు పక్కన నిలబడి తల దించుకున్నారు. ఆయన గురించి ఒకరు పదిమందిలో అంత మంచిమాట అనడం ఆయన విన్నది అదే మొదలు కావచ్చు. ఆఖరు కూడా. సారు బొండం తాగి, ఖాళీ బొండం ఎక్కడ పడెయ్యాలో అడిగి, చెప్పిన చోటే పడేసి, కాగితం మీద ఒక గీత గీశాడు.

మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు వరండాలో ఫ్యాను కింద బంగారరాజు గారూ సారూ కుర్చీల్లో కూర్చున్నారు. పోలిరాజు గారు స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. బంగారరాజు గారు నవ్వుతూ అడిగారు, ఊరంతా తిరిగేరు గానీ ఎవర్నీ గట్టిగా ఏమీ అడగలేదేటండీ అని.

"అడిగితే లాభం లేదండీ," అన్నాడు సుధీర్ సారు. "కుళాయి కావాలా అంటే వద్దనేవాళ్లు ఎవరుంటారు? ఊరికే వచ్చేదైతే మరీను. మా చదువులో మొదట నేర్పేది అదే. మనిషి చెప్పేది కాదు, చేసేది చూడాలి. తెల్లారి నిద్ర మానుకుని, పని మానుకుని ఒక మనిషి గంటసేపు బారులో నిలబడ్డాడనుకోండి. ఆ గంటే అతను నీళ్లకిచ్చే ధర. బారు ఎంత పొడుగుంటే అవసరం అంత ఉన్నట్టు. బారే లేనిచోట అవసరం లేనట్టు."

ఆ మాట పోలిరాజు గారికి నచ్చింది. ఇన్నాళ్లూ తన మనసులో ఉన్నదాన్నే చదువుకున్నవాళ్లు ఇంత నేర్పుగా చెబుతారా అనుకున్నారు. నిజమే కదా, చేసేదే చూడాలి. ఆయన తల ఊపారు.

"కాబట్టి ఆ చివరి పేట కుళాయి తీసేయొచ్చు. ఆ లైను మూసేస్తే బజారుకి ఒత్తిడి పెరుగుతుంది. అంతేనా పోలిరాజు గారూ?"

"ఆయ్," అన్నారు పోలిరాజు గారు.

పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మా వైపు ఆయ్ అనడం ఊపిరి తీసుకోవడం లాంటిది. వింటున్నామండీ అని చెప్పడమే, ఒప్పుకున్నామని కాదు. సారు వైపు ఆ మాటకి అర్థం ఏదో నాకు తెలియదు గానీ, ఆయన మాత్రం దాన్నీ రాసుకున్నాడు. పోలిరాజు గారు నోరు తెరిచేసరికి బంగారరాజు గారు భోజనాలకి లేచారు. చేపల పులుసు వాసన వస్తోంది. జీపు డ్రైవరు ఆకులు కడుగుతున్నాడు. ఆ సందడిలో ఒక నౌకరు మాటకి చోటేది?

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నారు. వంకాయ, ఎండురొయ్యలు. మూడు ముద్దలు తిని ఆగిపోయారు.

"కనకం, పని బాగా చెయ్యడం తప్పంటావా?"

"ఇయ్యాళ తెలిసిందేటండీ? ఊరందరికీ గంగాదేవి తవరు, మనింట్లో కుండ అడుగు చూసేరా ఎప్పుడన్నా?"

ఆయన జరిగింది చెప్పారు. కనకమ్మ గారు గరిటె పక్కన పెట్టి విన్నారు.

"అయితే మీకు నోరు లేదేటండీ? అలా కాదండీ బాబూ, ఈ మనుసులకి ముందే పట్టిచ్చేసేను, అందుకే బారు లేదండీ అని ఒక్క ముక్క అనలేపోయేరా?"

"పెద్దోళ్లు మాటాడతంటే మద్దిలో ఎలాగంటాం?"

"మరి అన్నం మద్దిలో ఎలా లేస్తన్నారు?"

అప్పటికే ఆయన చెయ్యి కడుక్కుంటున్నారు. సారు నర్సాపురంలో బస చేస్తాడని, జీపుల్ని కూడా దాటించే మూడింటి పంటు మీద గోదావరి దాటతాడని జీపు డ్రైవరు అనగా విన్నారు. సఖినేటిపల్లి రేవు ఆరు మైళ్లు. ఏప్రిల్ ఎండ. తారు మెత్తబడి సైకిలు టైరుకి అంటుకుంటోంది. దారిలో రెండుచోట్ల దిగి, సైకిలు సీటు మీద మోచేతులు ఆనించి నిలబడ్డారట. ఎడమ భుజం కింద ఏదో తాడు బిగించి లాగినట్టుందని రాత్రి కనకమ్మ గారితో అన్నారు. ఎండకి అనుకున్నారు ఇద్దరూ.

రేవులో జీపు పంటు మీదికి ఎక్కడానికి వరసలో ఆగి ఉంది. పోలిరాజు గార్ని చూసి సారే దిగాడు. చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయిన ఆ మనిషిని నీడలోకి రమ్మన్నాడు. పోలిరాజు గారు నీడలోకి రాకుండానే చెప్పేశారు. ట్యాంకు తోపు సంగతి, బజారు నూతుల సంగతి, పేట ఉప్పు సంగతి, తాను తెల్లారకుండానే వదిలిన సంగతి. ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అక్కడే అయ్యుంటుంది.

"మరి నేనడిగినప్పుడు ఆయ్ అన్నారు కదండీ?"

"అన్నానండీ. తప్పేనండీ."

సారు అట్ట మీది కాగితం తిరగేసి, పేట దగ్గర గీసిన గీత చూసుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఆ సంగతి కనకమ్మ గారు కూడా చెప్పారు.

"మీరు చెప్పింది నేను నమ్ముతాను. కానీ రాయలేను. నేను చూసిందే రాయాలి. మాటలు రాయడం మొదలుపెడితే ఊరూరా ప్రతి కుళాయికీ ఒక మాట ఉంటుంది. ఒక పని చేస్తాను. రేపు ఆరింటికి ఇటొచ్చే మొదటి పంటు మీద వస్తాను. ఏడింటికి మీ పేటలో ఉంటాను. ఎవరికీ చెప్పకండి. ఎప్పటిలాగే నీళ్లు వదలండి. ఏం కనపడితే అది రాస్తాను."

పోలిరాజు గారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. పంటు కదిలేదాకా అక్కడే నిలబడ్డారు.

తిరిగొస్తుంటే మలికిపురం దగ్గరపడ్డాక ఆయనకి తట్టింది. ఎప్పటిలాగే అంటే నాలుగున్నరకి. నాలుగున్నరకి వదిలితే ఆరుకల్లా పేట మొత్తం పట్టుకుని వెళ్లిపోతుంది. ఏడింటికి కుళాయి ఖాళీ. రేపే కాదు, ఇరవై రెండేళ్లలో ఏ రోజు ఏడింటికి వచ్చి చూసినా ఆ కుళాయి ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉండేలా చూడటమే ఆయన పని. పేటకి నీళ్లు అవసరమని ఆ చదువుకి కనపడాలంటే, ఒక్క పూటైనా పేటకి నీళ్లు రాకూడదు. ఉత్త బిందెలు తెచ్చి వరసగా పెట్టమని ఆడవాళ్లతో చెప్పొచ్చు. కానీ ఎవరికీ చెప్పొద్దని సారు మాట తీసుకున్నాడు. అదీగాక అది నాటకం. తనని నమ్మి ఆరు గంటలకి పడవెక్కి వచ్చే మనిషి ముందు నాటకం ఆడటం పోలిరాజు గారి వల్ల కాదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆయన మా పేటకి వచ్చారు. ఆ వేళప్పుడు రారు ఎప్పుడూ. సైకిలు దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి, కుళాయిని చూస్తూ ఉండిపోయారు. చంటిదానికి ఆ పొద్దుటినుంచీ విరేచనాలు.  ఆయన కనపడ్డదే చాలని ఎదురెళ్లాను.

"బాబాయిగారూ, పిల్లకి ఒంట్లో బాలేదండీ. బట్టలుతకడానికే నీళ్లన్నీ అయిపోతన్నాయి. రేపు ఇంకాసేపు ఎక్కువ వదులుతారేటండీ?"

ఆయన చంటిదాని వైపు చూశారు. దాని పాదం నా మోచేతి మీదుగా వేలాడుతోంది. ఆ పాదాన్నే చూస్తూ, "ఆయ్," అన్నారు.

నేను ధైర్యంగా ఇంట్లోకి వెళ్లి పడుకున్నాను.

బుధవారం నాలుగుంపావుకి రెండు బిందెలు పట్టుకుని వచ్చేసరికి, కుళాయి పక్కన అప్పటికే ఎవరిదో ఒక బిందె ఉంది. మసక చీకట్లో ఎవరిదని చూడలేదు. దాని వెనకాల నావి పెట్టాను. నాలుగున్నర అయింది. గాలి బుస్సుమనలేదు. ఐదైంది. నా వెనక మా అత్తగారు, ఆవిడ వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఐదున్నరకి బారు చర్చి గోడ దాటింది. రాత్రి మిగిల్చిన చెంబెడు నీళ్లు కాచి, ఉప్పూ పంచదారా కలిపి పిల్లకి పట్టడం అయిపోయింది. ఆరుకి అది మళ్లీ నోరు తెరిచి నాలుక ఆడించింది. నా దగ్గర ఏమీ లేవు.

"పెద్దాయనొచ్చి వెళ్లేరు కదా, ఇంక మనతో పనేటి ఆయనకి," అన్నారెవరో.

"తిని తొంగున్నాడేమో."

"నిన్న పొగిడేవు కదత్తా, కళ్లు నెత్తికెక్కేయి."

అందరూ అన్నారు. నేనూ అన్నాను. నేనన్న మాట ఇక్కడ రాయను. ఏ తల్లీ అనకూడనిది, ఒక మనిషి ఊపిరి గురించి అన్నాను.

ఏడింటికి జీపు వచ్చింది. ఆ రోజు మా అత్తగారు కుర్చీ వెయ్యలేదు. ఎవరూ దణ్ణం పెట్టలేదు. సారు బారు చివర నుంచి మొదటిదాకా నడిచాడు. పెన్సిలు గాలిలో చాలాసేపు ఆడింది. నలభై ఏడు బిందెలు. నా ఒళ్లో పిల్లని చూసి ఆగాడు. జీపులోంచి తన నీళ్ల సీసా తెచ్చి నాకు ఇచ్చాడు. ఆ తర్వాత రాసుకుని వెళ్లిపోయాడు. పోలిరాజు గారు ఎక్కడున్నారని ఆయన అడగలేదు, మేమూ అడగలేదు.

ఎనిమిదింటికి కనకమ్మ గారు గ్లాసుతో కాఫీ పట్టుకుని ట్యాంకు దగ్గరికి వెళ్లారు. ఆయన ఇంటికి రావడం ఎప్పుడూ అంత ఆలస్యం కాలేదట. పోలిరాజు గారు వాల్వుల గోతిలో సిమెంటు గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపి కూర్చుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకుని రెండుసార్లు పిలిచారట. ఒళ్లు అప్పటికే చల్లబడింది. తాళంచెవి పేట వాల్వు మీద బిగించి ఉంది. కుడిచెయ్యి దాని మీదే ఉంది. వాల్వు ఒక్క చుట్టు కూడా తిరగలేదు.

తిప్పడానికే పట్టుకున్నారో, తిప్పకుండా ఉండటానికే అలా పట్టుకు కూర్చున్నారో ఎవరికీ తెలియదు. మొదట తిప్పకూడదనుకుని, తర్వాత మనసొప్పక తిప్పబోయారని కనకమ్మ గారు అంటారు. గుండె ఆగిందని డాక్టరు గారు అన్నారు. ఏ గంటకి ఆగిందో చెప్పలేదు.

తొమ్మిదింటికి ఎవరో ఆ వాల్వు తిప్పారు. చంటిది బతికింది. అది రాయకపోతే మీరు దాని కోసమే వెతుకుతారని రాస్తున్నాను.

ఐదు నెలల తర్వాత కాగితం వచ్చింది. మా పేట కుళాయి ఉంచారు. అందులో ఏముందో బంగారరాజు గారు చదివి వినిపించారు. బారు నలభై ఏడు, అవసరం ఎక్కువ, కుళాయి తప్పక ఉండాలి. బాగానే రాశాడు. నీళ్లు ఏ వరసలో వదలాలో మాత్రం అందులో లేదు. అది ఆ సారు చూసింది కాదు కదా. ట్యాంకు దగ్గర పెట్టిన కొత్త మనిషి గోడ మీది కాగితం చూసి పనిచేస్తాడు. ముందు బజారు, తర్వాత కాలవగట్టు, ఆఖర్న పేట. అతన్నీ ఏమీ అనలేం, రాసినట్టే చేస్తున్నాడు. మాకు తొమ్మిదిన్నరకి వేలెడు ధార వస్తుంది. కొన్ని రోజులు గాలి మాత్రమే వస్తుంది. ఇప్పుడు మా కుళాయి దగ్గర రోజూ బారే. ఎవరైనా వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. ఎవరూ రావడం లేదు.

ఆ బుధవారం సాయంత్రం అందరూ తమ తమ బిందెలు తీసుకెళ్లాక, మొదటిది ఒక్కటీ అలాగే ఉండిపోయింది. పాత ఇత్తడి బిందె. మూతి కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. కనకమ్మ. పొద్దున్న మూడింటికి ఆయన దాన్ని సైకిలు వెనక పెట్టుకుని వెళ్లడం ఆవిడ చూశారట. మనింటికి కూడా ఇయ్యాళ నీళ్లు ఆలీసెం కనకం, అన్నారట. దినాలయ్యాక మా అత్తగారు దాన్ని తోమి, మోసుకెళ్లి ఇవ్వబోతే ఆవిడ పుచ్చుకోలేదు. ఆయన పెట్టిన చోటే ఉండనివ్వమన్నారు.

నాకు పిల్లని, బారుని వదిలి కదలడానికి లేదు. కదిలినా, ఆ బుధవారం నేనన్న మాట గుర్తొచ్చి ఆవిడ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాను. మీరెవరైనా మలికిపురం మీదుగా సఖినేటిపల్లి వైపు వెళ్తే, మా ఊరి కాలవగట్టు దగ్గర బస్సు దిగి కనకమ్మ గార్ని ఒకసారి చూసి రండి. ఆవిడ ఒక్కరే ఉంటారు. అన్నం తింటున్నారో లేదో చూడండి, ఇంట్లో నీళ్లున్నాయో లేదో కుండ మీది మూత తీసి చూడండి, అడిగితే ఉన్నాయనే అంటారు. వీలైతే ఈ ఒక్క మాటా చెప్పండి. ఆవిడ బిందె ఇంకా మా కుళాయి పక్కన బారుకి మొదట్లోనే ఉందని, ఇన్నాళ్లలో దాని ముందు ఎవరూ తమ బిందె పెట్టలేదని.